మైకు సారు పాస్‌వర్డ్

తెలంగాణ ఉద్యమం రోజుల్ల నేను కోరుట్ల కాలేజీల జై తెలంగాణను నిషేధించిననని, తర్వాత దీక్షా శిబిరంల మైకు పట్టుకొని చెంపలేసుకున్ననని సిరిసిల్ల మా చిన్నమ్మ ఇప్పటికీ ప్రతి పెండ్లిల చెప్తది. మొదటిదాంట్ల సగం నిజం. రెండోదాంట్ల గింజంత గూడ లేదు. వాదనల తగ్గే అలవాటే నాకుంటే ఇంట్ల మా ఆయనకు మాట్లాడే అవకాశం దొరికేది.

జరిగింది ఇది. జగిత్యాలల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల నేను కొత్తగ చేరిన. కాలేజీలకు మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేటోళ్లం. అండ్ల పాస్‌వర్డులను పరీక్షించే ముక్క నేనే రాసిన (ఇప్పటికీ గర్వమే). ఎవలైనా ఊహించగలిగే మాటలన్ని ఒక జాబితాల పెట్టి, అందులది ఏది కొట్టినా "ఈ పాస్‌వర్డ్ పనికిరాదు, మార్చండి" అని ఎర్రగ వచ్చేటట్టు చేసిన. ఆ జాబితాల మొట్టమొదటి మాట ఏదై ఉంటదో ఆ రోజుల్ల ఎవరినడిగినా చెప్పేటోళ్లు. "సాఫ్ట్‌వేర్ తీసుకున్నట్టు కోరుట్ల ప్రిన్సిపాల్ సంతకం లేకుండ వస్తే రేపటినుంచి ఆఫీసుకు రాకు" అన్నడు మా ఓనర్. బస్సులు బంద్. షేర్ ఆటోల ఏడుగురి నడుమ, సీడీ ఒళ్లె పెట్టుకొని పోయిన.

శిబిరం కాలేజీ గేటు ముందటనే. పొద్దంతా అండ్ల మైకు విడువని ఫిజిక్స్ సారును అందరూ మైకు సార్ అనేటోళ్లు. స్టాఫ్ రూముల కొత్త సాఫ్ట్‌వేర్ ముందు మొదట కూసున్నది ఆయనే. జైతెలంగాణ అని కొట్టిండు. ఎర్రక్షరాలు. మళ్ల కొట్టిండు, ఈసారి గట్టిగ (గట్టిగ కొడితే కంప్యూటర్ వింటదని నమ్మే తరం).

"ఏందమ్మా ఇది? జై తెలంగాణ పనికిరాదా? ఎవలు రాసిన్రు?"

"నేనే సార్. అందరికి తెల్సిన మాట పాస్‌వర్డ్ ఎట్లయితది?"

"అందరికి తెల్వాల్ననే గదా మేం ఎండల కూసున్నది!"

"నినాదం అందరికి తెల్వాలె సార్. పాస్‌వర్డ్ ఎవలికీ తెల్వద్దు. మీరు అదొకటే మాట రెండిటికీ వాడుతున్నరు."

అక్కడ నోరు మూసుకుంటే అయిపోయేది. నేను మూసుకోలే. పది నిమిషాల్ల శిబిరం సగం స్టాఫ్ రూములకు వచ్చింది. ప్రిన్సిపాల్ సార్ పెన్ను జేబుల పెట్టుకొని, "గా మాట తీసెయ్యి బిడ్డా, సంతకం చేస్త. లేకుంటె పో" అన్నడు. ఉద్యోగం పోయిందనుకున్న. నోరు మాత్రం ఆగలే.

"తియ్య సార్. ముందు ఒకటి చూడుండ్రి" అని, పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఉన్న పక్క కంప్యూటర్ల మైకు సారు పేరు కొట్టి, కింద జైతెలంగాణ కొట్టిన. టక్కున తెరుచుకున్నది. యూనిట్ టెస్ట్ మార్కులు వరుసగ: పద్దెనిమిది, పదకొండు, పదహారున్నర...

వెనుకనుంచి తొంగిచూసిన సెకండియర్ పిల్ల ఒకతి అమాయకంగ అడిగింది: "సార్, బందులని ఈ టెస్ట్ పెట్టనే లేదు గదా?"

 వెంటనే కెమిస్ట్రీ మేడం గొంతు: "ఏయ్, నాది తెరువకు! నేను ఇప్పుడే మారుస్త!" ఇగ చూడాలె వరుస. మైకు సార్ కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఎంత పొడుగు పాస్‌వర్డ్ కొట్టిండో, కొట్టి కొట్టి చెమటలు తుడుసుకున్నడు. ప్రిన్సిపాల్ సార్ సంతకం గూడ పడ్డది, ముందు తనది మార్చుకున్నంక.

లోకానికి పాస్‌వర్డుల విలువ నేర్పిననని ఆటోల తిరిగొస్తూ ఎంత మురిసిన్నో! వాళ్లు మారింది నా మాటకు గాదు, మార్కుల భయానికని అర్థమయ్యేసరికి నాకు నలభై ఏండ్లు దాటినయి. ఆ రోజు ఆటోల మురిసిన నేనే ఇప్పుడు నాకు ఎదురుపడితే ఛాయ్ తాపి, "జర మెల్లగ మాట్లాడు బిడ్డా" అని చెప్త (వినదు, నాకు తెల్సు). మైకు సారు మీద గూడ కోపం లేదు. దొరికితే ఒక్కటే అడగాలె: పెట్టని పరీక్షకు అందరికీ ఒకటే మార్కు వేస్తే అయిపోయేది గదా సార్, ఆ పదహారున్నర పిల్లకు అర మార్కు దేనికి కోసిన్రు?