విప్పని కట్ట

పదవీ విరమణకు మూడేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ నెలలో, చేవెళ్ల ఉన్నత పాఠశాల నుంచి మొయినాబాద్ మండలంలోని ఒక ప్రాథమిక బడికి నన్ను ‘పని సర్దుబాటు’ మీద పంపారు. అంటే జీతం పాత చోట, మనిషి కొత్త చోట. నా హోదా ఆఫీస్ సబార్డినేట్. జనం నోట్లో అటెండర్. ఏడో తరగతితో చదువు ఆపినవాడికి ఆ పొడుగు పేరు కూడా ఎక్కువే. రెండో టీచర్ వచ్చేదాకా ఉండమన్నారు. టీచర్ రాలేదు, నేను పోలేదు.

ఐదు తరగతులకు కలిపి పిల్లలు పదకొండు మంది. చెప్పేది శారద మేడమ్ ఒక్కరే. పొద్దున ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు నిండుగా వచ్చి మా గేటు ముందు ఆగకుండా పోయేవి. సాయంత్రం మేడమ్ షేర్ ఆటో ఎక్కాక తాళాలు వేసి, మెట్ల మీదే చాలాసేపు కూర్చునేవాణ్ణి. మొయినాబాద్‌లో నా కిరాయి గదికి త్వరగా వెళ్లినా పలకరించేవాళ్లు లేరు. నాకేమో నోరు ఊరుకోదు. ఆ ఏడాది నా జోకులు ఎక్కువగా బడి గంటకూ నీళ్ల ట్యాంకుకూ చెప్పాను. రెండూ నవ్వలేదు.

మూడో తరగతి అంటే మౌనిక. హాజరు పట్టీలో ఒకటే పేరు, గదిలో ఒకటే బెంచీ. ఆగస్టులో కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడు, అంటే చుట్టుపక్కల బడులన్నింటినీ చూసే పెద్ద హెడ్మాస్టరు, వారంలో వచ్చి పిల్లల స్థాయిలు పరీక్షిస్తానని కబురు పెట్టారు. మూడో తరగతికి రెండంకెల తీసివేత రావాలి. ఆ సంగతి తెలిసి మౌనిక తల్లి యాదమ్మ గేటు దగ్గరికొచ్చింది. ఆమె కొత్తిమీర పండించి కట్టలు కట్టి అమ్ముతుంది.

“మేడమ్, దీనికి లెక్కలు రాకుంటే చెప్పుండ్రి. నా ఎంబడి తోలుకపోత. కట్టలైతే మంచిగ కడ్తది.”

ఆ మాట ఆమె తమాషాకు అన్నది కాదు. పెద్ద పిల్లను అప్పటికే అట్లా మాన్పించింది.

మౌనికకు తీసివేత నన్ను నేర్పించమన్నారు మేడమ్. బోధన నా విధుల్లో లేదు. మేడమ్‌కు ఆ సంగతి గుర్తు చేశాను. “పుల్లలు లెక్కపెట్టించుడు బోధన కాదు నర్సింలన్నా, కూసోండి” అన్నారు.

42లోంచి 17 తీసెయ్యమంటే మౌనిక 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసింది. నాకు చిన్నప్పుడు నేర్పిందే నేనూ చెప్పాను.

“పక్కింట్ల కెళ్లి ఒక పది అప్పు తెచ్చుకోవాలె బిడ్డా.”

“మళ్ల ఎప్పుడియ్యాలె తాతా?”

“ఇచ్చేది లేదు.”

“అట్లెట్ల? మా అవ్వ తిడ్తది.”

యాభై ఏళ్లుగా తెచ్చుకుంటున్న అప్పు ఒక్కసారీ తీర్చలేదని నాకు అప్పుడే తెలిసింది.

అప్పును వదిలేసి చీపురు పుల్లలు తీశాను. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. కట్టలు పదుల స్థానం, విడివి ఒకట్ల స్థానం. నాలుగు కట్టలు, రెండు పుల్లలు ఆమె ముందు పెట్టి, నేను కొనడానికొచ్చిన గిరాకీనై పదిహేడు అడిగాను. ఒక కట్ట, రెండు పుల్లలు ఇచ్చింది. ఇంకా ఐదు రావాలన్నాను.

“అయిపోయినయ్. రేపు రా.”

“మూడు కట్టలు ముందట పెట్టుకొని అయిపోయినయంటవేందే?”

“గవి కట్టలు.”

“ఒకటి ఇప్పు మరి.”

రబ్బరు బ్యాండు మీద నేను చెయ్యి వేయగానే కట్ట లాక్కుని ఒళ్లో దాచుకుంది. “ఇప్పిన కట్ట ఎవ్వరు తీస్కోరు. వాడిపోతది. మళ్ల కడ్తే సన్నగయితది.”

ఆ సాయంత్రం మెట్ల మీద దాని గురించే ఆలోచించాను. కట్ట వేరు, విడి వేరు అన్నది ఆ పిల్లకు నాకన్నా బాగా తెలుసు. స్థాన విలువంటే అదే కదా. చేతికి అలవాటైన పనికి అడ్డంగా నేనే ఒక పని చెప్పాను.

మర్నాడు నా దగ్గర ఒక డబ్బా నిండా విడి పుల్లలు పెట్టుకున్నాను.

“నీ కట్ట ఇప్పకు. నిండు కట్ట నాకియ్యి, విడియి పది నేనిస్త.”

“లెక్కపెట్టి ఇయ్యి.”

తమాషాకు తొమ్మిదే ఇచ్చాను. లెక్కపెట్టింది. “ఒకటి తక్కువున్నది. నీ అసొంటోళ్లను మస్తుమందిని చూసిన తాతా.”

పదో పుల్ల ఇచ్చాకే కట్ట వదిలింది. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు తీస్తే ఐదు. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి ఇస్తే రెండు. 25 అని రాసింది. ఎవరూ అడగకుండానే ఇంకో ఎనిమిది లెక్కలు చేసింది. చూపించుకోవడానికి పక్కన తోటి పిల్లలు లేరు కాబట్టి నాకే చూపించింది.

పెద్ద హెడ్మాస్టరు వచ్చిన రోజు 61లోంచి 38 ఇచ్చారు. పుల్లలు లేవు. పలక మీద నిలువు గీతలతో కట్టలు గీసుకుని, ఒక కట్ట కొట్టేసి పది చుక్కలు పెట్టింది. “గిదేంది?” అని ఆయన అడిగితే, “మార్చుకున్న సార్” అంది. 23 వచ్చింది. స్థాయి వచ్చినట్టు ఆయన నమోదు చేశారు.

పొలానికి తోలుకపోయే మాట యాదమ్మ మళ్లీ ఎత్తలేదు. దసరా సెలవులయ్యాక వచ్చి, “గింత తెలివున్న పిల్లను ఒక్కదాన్నే గీడ కూసోబెట్టుడెందుకు?” అని, పసుపు వ్యాను బడిలో వేయడానికి టీసీ అడిగింది. మేడమ్ సంతకం పెట్టారు, ముద్ర నేను వేశాను. ఆ ఏడాది మూడో తరగతిలో ఇక ఎవరూ లేరు. కానీ మౌనిక చదువు ఆగలేదు.

మరుసటి ఏడు రెండులోంచి మూడుకు వచ్చిన ఇద్దరికి మేడమ్ అప్పు మాట ఎత్తకుండా, మార్పిడి అనే నేర్పారు. నాకు మౌనిక వల్ల తెలిసింది ఇంతే: పిల్ల తప్పు రాస్తే, అదే పద్ధతి గట్టిగా మళ్లీ చెబితే లాభం లేదు. వస్తువు చేతికిచ్చి, ఎక్కడ ఆగుతుందో చూసి, ఎందుకు ఆగిందో ఆ పిల్లనే అడగాలి.