ఆకులు మట్టి కాని చోట

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను అద్దెకుండే గది ఒక ఆంటీ, అంకుల్ వాళ్ళ ఇంట్లో ఉంది. అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ వెంటనే మిషిగన్ సరస్సు వైపు ఒక పాత ద్రాక్షతోట కొన్నారు. వేసవి వస్తే శనివారం తెల్లారేసరికి ఇద్దరూ కారెక్కి అక్కడికి వెళ్ళిపోతారు. నేను యూనివర్సిటీలో మట్టి గురించి చదువుతున్నానని వాళ్ళకు తెలుసు. తలా ఒక వంటకం తెచ్చే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో ఎవరైనా అడిగితే నేను మెల్లగా "సాయిల్ సైన్స్" అనేదాన్ని. "మట్టి చదవడానికి ఇంతదూరం వచ్చావా తల్లీ!" అని నవ్వేవారు. నేనూ నవ్వి, పళ్ళెంలోని పులిహోర కలుపుకుంటూ కూర్చునేదాన్ని.

ఒక ఆగస్టులో అంకుల్ నన్ను కూడా తోటకు రమ్మన్నారు.

తోట చివర కొన్ని వరసల్లో ముసలి చెట్లు తీసేయించి, గింజలేని రకం అంట్లు వేశారాయన. మొదటి ఏడు వేసినవి చచ్చిపోయాయి. మళ్ళీ వేసినవి కూడా మోకాలెత్తు దాటలేదు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. పక్కనే పాత తీగలు కంబాల మీద గుబురుగా అల్లుకుని ఉన్నాయి.

"చూడమ్మా, అవేమో ఏనుగుల్లా ఉన్నాయి, వీటికే ఏదో వచ్చింది. తెగులేమో అని వీటికి డబుల్ స్ప్రే చేస్తున్నా" అన్నారు అంకుల్.

"ఏం కొడుతున్నారంకుల్?"

"మైలుతుత్తం, సున్నం కలిపి. కొత్త కెమికల్ ఏమీ కాదు, ఆర్గానిక్ వాళ్ళు కూడా వాడతారు. ఈ తోట పెట్టిన దగ్గర్నుంచీ అందరూ ఇదే కొట్టారట. మైలుతుత్తం అంటే రాగే కదమ్మా. పొద్దున లేస్తే రాగి చెంబులో నీళ్ళు తాగుతాం. మనకి మంచి చేసేది మొక్కకి చెడు చేస్తుందా?"

వెనక నుంచి ఆంటీ అందుకున్నారు. "ఈయనకి మొక్కైనా కారైనా ఒకటే. సౌండ్ తేడాగా వస్తే ఇంకాస్త ఆయిల్ పోసెయ్యడమే."

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"ఊరుకున్నా కదండీ, రెండేళ్ళ నుంచి!"

ఆయన బకెట్ కోసం షెడ్డులోకి వెళ్ళాక ఆంటీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "వచ్చే ఏడు కూడా ఇంతే అయితే తోట అమ్మేస్తానంటున్నారమ్మా. ఏజెంట్‌తో మాట్లాడారు కూడా. రిటైరైన కొత్తలో ఈయన సోఫాలో ఎలా కూర్చుండిపోయారో నువ్వు చూళ్ళేదు. ఈ తోట వచ్చాకే మళ్ళీ మనిషయ్యారు. నీకేమైనా తెలిస్తే చెప్పు. మొహమాటపడకు."

నేను పార తీసుకుని ముందు ఒక పాత తీగ మొదలు దగ్గర కూర్చున్నాను. పైన పోయిన ఏటి ఆకులున్నాయి. చేత్తో పక్కకు తీస్తే కింద అంతకు ముందటి ఏటివి. వాటి కింద ఇంకా పాతవి. అట్టల్లా ఒకదానిమీద ఒకటి అంటుకుని ఉన్నాయి. ఒకటి విడదీసి ఎండకు పట్టుకున్నాను. ఆకు అంచులోని రంపపు పళ్ళు కూడా చెక్కుచెదరలేదు. ఎన్ని శీతాకాలాల మంచు కింద పడుకుందో ఆ ఆకు! దాన్ని తినాల్సినవాళ్ళు ఎవరూ రాలేదు. మట్టి తవ్వాను. పొడిపొడిగా, శుభ్రంగా ఉంది. ఒక్క వానపాము లేదు.

తర్వాత కంచె దాటి, అడవి మొదలయ్యే చోట తవ్వాను. పార దిగగానే వానపాములు మెలికలు తిరిగాయి. అక్కడి ఆకులు వేళ్ళ మధ్య నల్లటి ముద్దై పోయాయి. రెండు చోట్లకీ మధ్య ఒక కంచె మాత్రమే ఉంది. పైన పడే వాన ఒకటే.

మా క్లాసులో ఇది విన్నాను. పరీక్షలో రాశాను కూడా. కానీ చేత్తో పట్టుకుని చూడటం ఇదే మొదటిసారి. ఆకుల మీద చల్లిన రాగి వానకు కిందికి కారుతుంది. అక్కడి నుంచి ఎక్కడికీ పోదు. పై మట్టిని పట్టుకుని ఉండిపోతుంది, ఆకుల్ని మట్టి చేసే వానపాముల్ని చంపేస్తుంది. ఈ తోటను మొదట నాటినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళ మాటలు, బట్టలు, పిచికారీ డబ్బాలు ఏవీ మిగల్లేదు. ఒక ఉదయం వాళ్ళు చల్లిన నీలిరంగు మందులోని రాగి మాత్రం నా గోళ్ళ కింద ఉంది.

అంకుల్‌ని పిలిచి రెండు చోట్లా చూపించాను. ఒక అంటు మొక్కను పెకలించి వేళ్ళు చూపించాను. పొట్టిగా, లావుగా, గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

"పాత చెట్ల వేళ్ళు లోతుకు పోయాయంకుల్, అందుకే వాటికి ఏం కాలేదు. వీటి వేళ్ళన్నీ పై మట్టిలోనే ఉన్నాయి. రాగి ఎక్కువైతే ఇనుము అందదు, ఆకు పసుపెక్కుతుంది. అది చూసి మీరు..."

"ఇంకా రాగి పోశాను" అన్నారాయన. ఆ వేళ్ళను చేత్తో తడిమి చూస్తూ, "ఎన్నాళ్ళకి పోతుంది ఇది?"

"పోదంకుల్."

"పోదంటే?"

"మన తర్వాత కూడా ఉంటుంది."

ఆయన టోపీ తీసి తోట పల్లంవైపు చూశారు. అక్కడ ఒక చిన్న కాలువ ఉంది. అది సరస్సులో కలుస్తుంది. "గట్టి వానకి మట్టి అటే కొట్టుకుపోతుంది. అందులో చేపపిల్లలుంటాయి" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. నీళ్ళలోని చిన్న జీవాలకు రాగి ఇంకా తొందరగా చేటు చేస్తుందని చెప్పాను.

మట్టి సంచుల్లో నింపుకుని వెళ్ళి మా ల్యాబ్‌లో చూశాను. రాగి నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. పైగా అది ఆమ్లగుణం ఎక్కువున్న ఇసుక నేల, అలాంటి నేలలో రాగి వేళ్ళను ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. మా ప్రొఫెసర్‌ని అడిగి, తిరిగొచ్చి అంకుల్‌కి చెప్పాను. మరుసటి వసంతంలో ఆయన అంట్ల కోసం లోతైన గోతులు తీయించి, రాగి చేరని అడుగు నుంచి వచ్చిన లేత రంగు ఇసుకలో కంపోస్టు, సున్నం కలిపి నింపి, వాటిలో అంట్లు నాటారు. మట్టి కాలువలోకి కొట్టుకుపోకుండా పల్లం అంచున గడ్డి గింజలు చల్లారు. మైలుతుత్తం ఆపేశారు. ఆ జూన్ వానలకు పాత తీగల మీద బూజు తెగులు వచ్చి గుత్తులు కొన్ని ఎండిపోయాయి. ఆంటీ రోజూ ఫోన్‌లో వాతావరణం చూసి నిట్టూర్చేవారు. ఆయన మాత్రం డబ్బా ముట్టుకోలేదు.

ఆగస్టులో మళ్ళీ వెళ్ళాం. కొన్ని అంట్లు పోయాయి. మిగిలినవి నా భుజం దాకా వచ్చాయి. ఆకులు పచ్చగా ఉన్నాయి.

"లోపలెలా ఉందో చూద్దామా?" అన్నారు అంకుల్. ఆయన గొంతులో భయం ఉంది.

ఒక మొక్క పక్కన, గోతి అంచు వెంబడి మెల్లగా మట్టి తీశాం. గోతిలోని లేత రంగు ఇసుక, బయటి రాగి పట్టిన ముదురు మట్టి కలిసేచోట గీత గీసినట్టుంది. ఒక తెల్లటి వేరు ఆ గీత దాకా పక్కకు సాగి వచ్చింది. అక్కడ ఆగింది. కొన దగ్గర వంపు తిరిగి, అంచు వెంబడే నిలువుగా కిందికి దిగిపోయింది. కళ్ళు లేవు, చెప్పినవాళ్ళు లేరు. దారంకన్నా సన్నగా ఉన్న ఆ వేరుకు ఎటు పోవాలో తెలిసింది. ఆంటీ కూడా మోకాళ్ళ మీద కూర్చుని చూశారు.

అంకుల్ మట్టి మళ్ళీ కప్పి, అరచేత్తో అదిమి, ప్యాంటుకు చేతులు తుడుచుకుని ఫోన్ తీశారు. తోట అమ్మే ఏజెంట్‌కి చేశారు. ఇంగ్లీషులో రెండు ముక్కలే మాట్లాడారు: ఇప్పుడప్పుడే అమ్మడం లేదని, మళ్ళీ ఫోన్ చెయ్యక్కర్లేదని.