రొయ్యల నీళ్ల టమాటాలు

జమీందారీ భూములు పోయాక మేము విశాఖ పాతనగరంలో ఒక పెంకుటింట్లో అద్దెకు దిగాం. అక్కడా మా అమ్మ మడి, ఆచారం సడలించలేదు. మా గోడకు ఆనుకుని ఒక సాయిబుగారి రొయ్యల షెడ్డు ఉండేది. హార్బరు నుంచి వచ్చిన రొయ్యల్ని ఆడవాళ్లు ఒలిచి, కడిగి, ఐసులో సర్దేవారు. కడిగిన నీళ్లు వీధి కాలువలో పడేవి. ఎండాకాలంలో ఆ కంపుకు ముద్ద దిగేది కాదు. వచ్చే కార్తీకానికల్లా కంపు ఆగకపోతే షెడ్డు మూయిస్తామని వీధి పెద్దలు తేల్చి చెప్పారు.

"మూసేత్తే ఈ ఆడోళ్లు ఏటి తింతారు దొరా?" అన్నారు సాయిబుగారు నాతో.

ఆ నీళ్లతో కూరగాయలు పండించాలని పూనుకున్నారాయన. మొదటిసారి ఉప్పుకు నారంతా మాడిపోయింది. అప్పటినుంచి ఉప్పటి తొలి కడుగును పీపాల్లో సముద్రానికి తిప్పి పంపేవారు. తర్వాతి కడుగు నీళ్లలో బెల్లం కలిపి, మూతపెట్టి పులియబెట్టేవారు. కంపు పోయి తరవాణి లాంటి పులుపు వాసన మిగిలేది. దాన్ని పలచన చేసి, గులకరాళ్లు నింపిన సిమెంటు తొట్లలోకి వదిలేవారు. పెరడంతా గచ్చు, పిడికెడు మట్టి లేదు. ఆ రాళ్లలోనే టమాటా మొక్కలు నడుమెత్తు పెరిగాయి. తన ఇంటి కంపు తానే కడుక్కోవడానికి అంత పట్టుదల మా వంశంలో కూడా నేను చూడలేదు.

తొలి కాపు ఇరుగుపొరుగుకు పంచడం మర్యాద. ఆ సంబరంలో సాయిబుగారు బుట్టలు పంపింది కార్తీక సోమవారం నాడు. వీధంతా ఉపవాసం.

పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన బుట్ట తెచ్చి షెడ్డు ముందు దించాడు. "ఉపోసం రోజున నీసు పంపుతావేటి సాయిబూ? రేపే మున్సిపాలిటీకి ఎల్తన్నాం."

"నీసేటి బాబూ, టమాటాలే కదా."

"రొయ్యల నీళ్లు తాగింది రొయ్యే. రెండ్రోజులుంటే మీసాలు మొలుత్తాయి."

నలుగురూ నవ్వారు. సాయిబుగారి మొహం పాలిపోయింది. అప్పుడు మా అమ్మ మడిచీరతోనే గుమ్మం దిగింది.

"పొద్దున్న శివుడికి కొబ్బరికాయ కొట్టావా నాయనా?" అంది పెద్దాయనతో.

"కొట్టానమ్మా."

"మా తోటలో కొబ్బరిచెట్ల మొదళ్లలో చేపల ఎరువే వేయించేదాన్ని. ఈ తీరంలో అందరూ వేసేది అదే. ఆ కాయ శివుడికి పనికొచ్చినప్పుడు, ఈ పండు మనకు పనికిరాదా?"

అమ్మ బుట్టలోంచి టమాటాలు ఏరి కొంగులో వేసుకుంది. ఆ సాయంత్రం దీపం పెట్టి, నక్షత్రం చూసి, టమాటా పప్పుతో ఉపవాసం విడిచింది. వీధిలో ఆడవాళ్లంతా మా గుమ్మంలో నిలబడి చూశారు.

మర్నాడు షెడ్డు తలుపులు ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. మున్సిపాలిటీకి వెళ్తానన్న పెద్దాయన తొట్ల దగ్గర వంగి చూస్తూ, ఈసారి వంగ వేస్తే తెల్ల వంగే వేయమని సాయిబుగారికి చెబుతున్నాడు.