ఆర్ఫా గేటు ముందు బోర్డు

తెల్లారగానే ఆర్ఫా లిండ్‌క్విస్ట్ మొదట పలకరించేది మనిషిని కాదు, పెరట్లో ఉన్న పాత నీళ్ల ట్యాంకరుని. మోకాళ్లు మొరాయిస్తున్నా మెట్టెక్కి, ఇంజను తిప్పి, చెవొగ్గి వింటుంది. గొట్టం ఎక్కడైనా పగిలిందేమోనని కాయలు కాసిన వేళ్లతో పొడుగునా తడుముతుంది. మా లోయలో ఎండుగడ్డి అంటుకుంటే ముందు చేరేది ఆ ట్యాంకరే. ఈ ఏడు పన్ను కట్టినవాళ్ల మంటలార్పే ఊరి ఫైర్ డిస్ట్రిక్టు వాళ్లు లోయనంతా తమలో కలుపుకుని పన్ను వేస్తామని బయల్దేరారు. అందరం సంతకాలు పెట్టాం. ఆర్ఫా మాత్రం "నా నిప్పు నేనే ఆర్పుకుంటా" అంది. దాంతో ఫైర్ చీఫ్ కర్టిస్ వచ్చి సరిగ్గా ఆమె గేటు ముందు "డిస్ట్రిక్టు హద్దు" అని బోర్డు పాతాడు.

"సంతకం పెట్టు పెద్దమ్మా. లేకపోతే రేపు నీ ఇల్లు తగలబడుతున్నా మా బండి ఇక్కడే ఆగిపోతుంది," అన్నాడు.

"నిరుడు ఊళ్లో మీ కొట్టం తగలబడినప్పుడు నా బండి ఏ బోర్డు దగ్గర ఆగిందిరా?"

కర్టిస్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. ఆర్ఫా లోపలికెళ్లి గడ్డపార తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పాతింది నువ్వేగా. పీకేదీ నువ్వే."