తువ్వాల రిజర్వేషన్

రిజర్వేషన్ అన్న ఇంగ్లీషు మాటకు నాకు రెండర్థాలే తెలుసు: కాలేజీలో సీటు, రైల్లో సీటు. మూడోది ఎనభైల్లో వరంగల్ స్టేషన్లో తెలిసింది.

సీటు నంబరున్న టికెట్టుతో బోగీ ఎక్కితే నా సీటు మీద ఎర్రంచు తువ్వాల పరిచి ఉంది. పక్కనున్న ముసలి నేతగాడు, "రిజర్వేషన్ అయింది బిడ్డా! మా ముసల్దాని కోసం కిటికీలకెల్లి ఏసిన," అన్నాడు.

కోపంగా టికెట్టు చూపించాను. నవ్వాడు. "నీది కాయితం, నాది తువ్వాల. రెండూ నిజమే. అందరూ జర జరుగుండ్రి!"

ఇంతలో ఆయన ముసలామె కూడా ఎక్కింది. ముగ్గురి సీట్లో నలుగురం సర్దుకున్నాం.

కాజీపేటలో చాయ్ తాగాలనుంది, సీటు పోతుందని భయం. "పోయిరా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. తిరిగొచ్చేసరికి బోగీ కిక్కిరిసింది. నా చోటు మాత్రం ఖాళీ. దానిమీద ఎర్రంచు తువ్వాల!

దాన్ని మడిచి ఆయన భుజాన వేసి, దర్జాగా కూర్చున్నాను. టికెట్టు ఏ జేబులో ఉందో కూడా చూసుకోలేదు.