ఒకసారి వద్దనాలి

కెనడాలో, అల్బర్టా రాష్ట్రంలోని ఆ ఊరిని ఊరనడానికి నాకు నోరు రాలేదు. ఉన్నది ఒకటే వీధి. అటూ ఇటూ చెక్క భవనాలు. ముందు నుంచి చూస్తే రెండంతస్తులు, పక్కకెళ్ళి చూస్తే వెనక రేకుల షెడ్డు. ముందు గోడ ఒక్కటే ఎత్తుగా లేపడం గుర్రబ్బళ్ళ కాలం నుంచి వస్తున్న గొప్పట. నవ్వొచ్చింది. టొరంటోలో నేను చదివిన కాలేజీ అచ్చం ఇంతే. బ్రోషర్‌లో అద్దాల మేడ, తీరా వెళ్తే పిజ్జా కొట్టు పైన రెండు గదులు. అలాంటి కాలేజీల కోసం మావాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి.

నేనేమీ ఊరు చూడ్డానికి పోలేదు. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. ఇలాంటి పల్లెలో ఎవరైనా ఉద్యోగమిస్తే పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే ఉండిపోవడానికి, దారి దొరుకుతుంది. అక్కడి హోటల్ ఓనరమ్మ వంటింట్లోకి మనిషిని వెతుకుతోందని కాల్గరీలో ఉండే మా చర్చి అంకుల్ చెప్పి, ఆయనే కారులో తీసుకెళ్ళారు. దారంతా ఒకటే పాఠం.

"చూడు తల్లీ, ఏదిచ్చినా ఒకసారి వద్దను. ఎగబడితే లోకువైపోతాం. కావాలనుకుంటే వాళ్ళే మళ్ళీ అడుగుతారు."

నాకు కొత్తగా చెప్పాలా? గుంటూరులో పుట్టినదాన్ని. చుట్టాలింట్లో బాగా బతిమాలితే గానీ గారె ముట్టుకోకూడదని మా అమ్మ తొడపాశం పెట్టి మరీ నేర్పింది.

హోటల్ గోడ నిండా ఊరు కట్టినవాళ్ళ ఫొటోలు. మీసాలు, తుపాకులు, గుర్రాలు. ఓనరమ్మ తన ముత్తాతని చూపించి, "వట్టి చేతులతో వచ్చాడు. అప్పుడిదంతా ఖాళీ నేల" అంది. ఖాళీ అట! అంతకుముందే అక్కడ బతుకుతున్నవాళ్ళ ఫొటో ఒక్కటీ లేదు మరి. ఆ పెద్దమనిషికి మాత్రం మొహమాటమన్నదే లేదు. ఎవరూ రమ్మనకుండానే వచ్చి, ఎవరినీ అడక్కుండానే కూర్చున్నాడు.

"కాఫీ తాగుతారా?" అంది ఓనరమ్మ.

"వద్దండి" అన్నాం. కాఫీ వెనక్కి పోయింది. ఆపిల్ పై అనే తీపి రొట్టె తెచ్చింది. వద్దన్నాం. అదీ పోయింది. అంకుల్ కళ్ళు దాని వెంటే వంటింటి దాకా వెళ్ళొచ్చాయి. పొద్దున్నుంచి ఇద్దరం ఏమీ తినలేదు.

ఏమేం వండగలనో అడిగింది, చెప్పాను. నచ్చినట్టే ఉంది. "సోమవారం నుంచి రాగలవా? పైన నా గది ఒకటి ఊరికే ఉంది, అందులో ఉండొచ్చు."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. నోరు మాత్రం మా అమ్మ మాటే విన్నది. "అబ్బే, వద్దండి, మీకెందుకు శ్రమ!"

ఆమె తలూపింది. "ఉన్నమాట చెప్పావు, థ్యాంక్స్. సిటీ అలవాటైనవాళ్ళకి ఇక్కడ కష్టమే."

వస్తానండీ బాబూ అని అరవాలనిపించింది. అరిస్తే ఎగబడినట్టవదూ! అంకుల్ వంక చూశాను. 'ఆగు, అడుగుతుంది' అని కళ్ళతోనే సైగ చేశారు. ఆమె చెయ్యి కలిపి తలుపు తీసింది.

కారు వీధి చివరికొచ్చేసరికి అద్దంలో ఓనరమ్మ. మా వెనకే పరిగెత్తుకొస్తోంది. అంకుల్ బ్రేకేసి, "చెప్పలా? మళ్ళీ అడగడానికే! ఈసారి యెస్ అనెయ్" అన్నారు.

అద్దం దించి, నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాను. ఆమె రొప్పుతూ వచ్చి నా మఫ్లర్ ఒళ్ళో పెట్టింది. "కుర్చీలో మర్చిపోయావు. ఇది నీదేగా?"

"యెస్" అన్నాను.