రెబెక్కా చూసిన దెయ్యాల సినిమా

నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లు తమ వేళ్ల వంక చూడరు. చూస్తే పని కొత్తన్నమాట. కళ్లు టీవీలో, నోరు కబుర్లలో, సూది దారంలో. రెబెక్కా కళ్లు మాత్రం ఆ నెలంతా ఓ పాత నలుపు తెలుపు సినిమాలోనే ఉన్నాయి. ఫోన్‌లో దొరికింది, ఎవరో తెలుగు మాటలు పెట్టారు. మతి చెదిరి ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఒక పిల్ల మొగుడితో కొండమీది బంగళాలో అద్దెకు దిగుతుంది. ఇంటావిడ అద్దంలో కనపడదు. రక్తం తాగుతుంది మహాతల్లి! పిల్ల నెత్తీ నోరూ బాదుకుంటుంది. మొగుడూ డాక్టరూ నవ్వి, పాలు తాగి పడుకోమంటారు.

ఆ పాలగ్లాసు చూసినప్పుడల్లా రెబెక్కాకు ఒళ్లు మండేది. తనూ మూడు నెలలు విశాఖలో పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చిన మనిషే. వచ్చి రెండేళ్లయింది. కూరలో ఉప్పెక్కువైందన్నా సరే, తమ్ముడు సాల్మన్ "సరేలే అక్కా, కాసేపు పడుకో" అంటాడు. జ్వరం తగ్గిన మనిషిని ఎవరూ ఇలా కాపలా కాయరు. ఇదేం న్యాయమో!

సాల్మన్ భార్య బేబీ అయితే హడలిపోయింది. ఫోన్ మీద బైబిలు పెట్టి, గంటాగి తీసి చూసింది. సినిమా అలాగే ఉంది. ఇక లాభం లేదని పాస్టరమ్మగారి చెవిన వేసింది.

అక్కడే వచ్చింది చిక్కు. క్రిస్మస్‌కు చర్చి బలిపీఠం మీద పరిచే లేసు గుడ్డకు పదిమంది పువ్వులు అల్లుతారు. వాటిని కలిపే అతుకు పని ఒక్క చేతి మీదే సాగాలి. ఈ ఏడు ఆ చెయ్యి రెబెక్కాది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెను నమ్మి ఎవరైనా అప్పగించిన మొదటి పని అదే.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరమ్మ సంచీ పట్టుకుని వచ్చారు.

"పువ్వులు బేబీకిచ్చెయ్యి రెబెక్కా. అలాంటి సినిమాలు చూస్తే మళ్లీ తిరగబెడుతుందమ్మా."

"ఇవ్వనండి."

అరుగు మీద ఆమెతో కలిసి అల్లుతున్న ఐదుగురూ ఇటు తిరిగారు.

"భయం వేసిందండి, ఎందుకు వెయ్యదు? భయపెట్టడానికే తీశారు గదండి. మీరూ కూర్చోండి. చూశాక చెబుదురుగాని."

లేచిపోతే భయపడ్డారనుకుంటారు. పాస్టరమ్మ కూర్చున్నారు. రెబెక్కా ఫోన్‌ను గోడకు ఆనించి, పువ్వులు ఒళ్లో పోసుకుంది. ఇంటావిడ కోరలు బయటపెట్టగానే బేబీ "ప్రభువా!" అని కెవ్వుమంది. ఐదు సూదులూ ఆగిపోయాయి. పాస్టరమ్మ చేతిలోని సంచీ ఎప్పుడు జారిందో ఆవిడకే తెలియదు.

రెబెక్కా గుండె కూడా దడదడలాడింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ భయంలోనే ఒక పువ్వు అతుకు పూర్తయింది.

పాస్టరమ్మ వంగి, అతుకు ఎక్కడుందోనని వేలితో తడిమి తడిమి చూశారు. దొరకలేదు.

"బాగానే ఉందిలే" అన్నారు గొంతు తగ్గించి.

"నేనూ బాగానే ఉన్నానండి" అంది రెబెక్కా. "ఎప్పుడైనా బాగోకపోతే నేనే చెబుతాను. ఈసారి అడగాలనిపిస్తే నన్నడగండి, బేబీని కాదు."